ఎన్‌ఎంఎంఎస్, ఇన్‌స్పైర్, విద్యాధన్: హైస్కూల్ పిల్లలకు ఏది మేలు?

తిరుపతి, చిత్తూరు జిల్లాల్లో జడ్పీ హైస్కూల్‌లో ఎనిమిదో తరగతి చదివే పిల్లవాడికి ముందు రాయించాల్సింది ఎన్‌ఎంఎంఎస్సే, అంటే చదువులో ముందున్న పేదింటి పిల్లలకు కేంద్రం ఇచ్చే స్కాలర్‌షిప్ పరీక్ష. మిగతావి దాని తర్వాతే. అయితే ఆ పరీక్షలో నెగ్గినవాళ్లందరి చేతికీ డబ్బు అందదు. నెగ్గాక ఏ బడిలో చేరతాడు, కాగితాలు ఎలా ఉన్నాయి అన్నదాన్ని బట్టే అంతా ఉంటుంది.

ఎన్‌ఎంఎంఎస్ అంటే నెలకు రూ.1,000 చొప్పున ఏడాదికి రూ.12,000. తొమ్మిది నుంచి ఇంటర్ రెండో ఏడాది దాకా నాలుగేళ్లకు రూ.48,000. ఏడో తరగతిలో 55 శాతం మార్కులు ఉండాలి, ఎస్సీ, ఎస్టీలకు 50 చాలు. ఇంటి ఆదాయం ఏడాదికి రూ.3.5 లక్షలు దాటకూడదు. ప్రభుత్వ, జడ్పీ, మున్సిపల్, ఎయిడెడ్ బడులవాళ్లు, హాస్టల్ లేని మోడల్ స్కూళ్లవాళ్లు రాయొచ్చు. ప్రైవేటు బడి, కేంద్రీయ విద్యాలయం, నవోదయ, ప్రభుత్వ గురుకులం పిల్లలకు అర్హత లేదు.

పరీక్షలో 180 ప్రశ్నలు, ఒక్కోదానికి ఒక మార్కు. మ్యాట్ (బుర్రకు పదును పెట్టే ప్రశ్నలు)లో 90, శాట్ (పాఠాల మీద ప్రశ్నలు)లో 90, ఒక్కో భాగానికి 90 నిమిషాలు. శాట్ అంటే ఏడు, ఎనిమిది తరగతుల పాఠాలే: సైన్స్ 35, సోషల్ 35, లెక్కలు 20. బాగా చదివే పిల్లలు కూడా దెబ్బతినేది మ్యాట్ దగ్గర. అంకెల వరుసలు, పోలికలు, కోడింగ్, దిక్కులు, బొమ్మల ప్రశ్నలు బడి పుస్తకాల్లో ఉండవు, పరీక్ష సాధారణంగా డిసెంబరులో పెడతారు. నవంబరులో మొదలుపెడితే నిమిషానికో ప్రశ్న వేగం రాదు. బడులు తెరిచిన నెల నుంచే రోజూ అరగంట ఇవ్వాలి. నెగటివ్ మార్కులు లేవు కాబట్టి ఓఎంఆర్ జవాబు పత్రంలో ఒక్క ప్రశ్న కూడా ఖాళీగా వదలకూడదు. 40 శాతం (ఎస్సీ, ఎస్టీలకు 32) వస్తే అర్హత మాత్రమే, స్కాలర్‌షిప్ మెరిట్ జాబితాలో ఉన్నవాళ్లకే.

అసలు చిక్కు తొమ్మిదిలో మొదలవుతుంది. నేషనల్ స్కాలర్‌షిప్ పోర్టల్‌లో ఫ్రెష్‌గా నమోదు చేయాలి, బడి స్థాయిలో ఒకసారి, జిల్లా స్థాయిలో ఒకసారి ఆమోదం పడాలి. గడువులోగా హెచ్‌ఎం లాగిన్‌లో అప్లికేషన్ కదలకపోతే మెరిట్ జాబితాలో పేరుండీ లాభం లేదు. ఆధార్‌లో ‘కె.’ అని ఇంటిపేరు పొట్టిగా, బడి రికార్డులో పూర్తిగా ఉన్నా ఇబ్బందే. అందుకే పరీక్షకు దరఖాస్తు చేసేలోపే రెండూ ఒకటి చేయించండి. బ్యాంకు ఖాతా పిల్లల పేరున ఉండి ఆధార్‌తో సీడింగ్ అయి ఉండాలి, అంటే ఆధార్ నంబరు మీద వచ్చే ప్రభుత్వ డబ్బు ఆ ఖాతాలోనే పడేలా బ్యాంకు కలిపి ఉండాలి. ఖాతాకు ఆధార్ నంబరు ఇచ్చినంత మాత్రాన సీడింగ్ అయినట్టు కాదు, బ్యాంకులో అడిగి ఖాయం చేసుకోండి. తర్వాత ఏటా రెన్యువల్ ఉంటుంది. పదిలో 60 శాతం (ఎస్సీ, ఎస్టీలకు 55) రాకపోతే ఇంటర్‌కు ఆగిపోతుంది.

మెరిట్ వచ్చిందన్న సంబరంలో తొమ్మిదికి ప్రైవేటు బడిలో వేస్తే రూ.48,000 మొత్తం పోయినట్టే. పదయ్యాక తిరుపతిలో కార్పొరేట్ కాలేజీలో చేర్చినా మిగిలిన రూ.24,000 రావు. ఆ ఫీజుల ముందు ఈ పన్నెండు వేలు ఏ మూలకు అంటారా, అది వేరే లెక్క. కానీ చేర్చే ముందే తెలిసి ఉండాలి. మదనపల్లె దగ్గర వలసపల్లి నవోదయలో తొమ్మిదికి సీటు వస్తే మాత్రం ఎన్‌ఎంఎంఎస్ వదులుకోవడమే మేలు. చదువు, తిండి, ఉండటం అన్నీ అక్కడే జరిగిపోతాయి.

పిల్లల కొత్త సైన్స్ ఆలోచనలకు కేంద్రం ఇచ్చే ఇన్‌స్పైర్ మానక్ అవార్డును ఎన్‌ఎంఎంఎస్‌తో పోల్చడమే సరికాదు. రూ.10,000 పిల్లల ఖాతాలోనే పడినా అది నమూనా తయారీకి, ప్రదర్శనకు వెళ్లడానికి. ఇంటి ఖర్చుకు కాదు. ప్రైవేటు బడుల పిల్లలకూ అవకాశం ఉంది, బడికి ఐదు ఆలోచనల దాకా పంపొచ్చు. అగ్నిపర్వతం, హైడ్రాలిక్ క్రేన్ లాంటి పాత సైన్స్ ఫెయిర్ సరుకు వద్దు. దామలచెరువు వైపు మామిడి కోతలో సొన పడి చేతులు కాలకుండా ఏం చేయొచ్చు అని ఆలోచించే పిల్లవాడికి ఇది సరైన చోటు. మార్కులతో పని లేదు, అందుకే ఎన్‌ఎంఎంఎస్‌లో తప్పినవాళ్లు కూడా దీన్ని వదలకూడదు.

విద్యాధన్ పది ఫలితాల తర్వాతి మాట. ఈ స్కాలర్‌షిప్‌ను సరోజిని దామోదరన్ ఫౌండేషన్ ఇస్తుంది, ఇంటర్‌లో ఏడాదికి రూ.10,000. పదిలో 90 శాతం, ఆదాయం రూ.2 లక్షల లోపు ఉండాలి. దరఖాస్తుకు రుసుము లేదు, ఎవరైనా డబ్బు అడిగితే ఇవ్వకండి. ఎనిమిదిలో ప్రైవేటు బడిలో ఉండి ఎన్‌ఎంఎంఎస్ రాయలేకపోయిన పేదింటి పిల్లలకు ఇదే మంచి దారి.

బీసీ, ఈబీసీ పిల్లలకు పీఎం యశస్వి టాప్ క్లాస్ అనే కేంద్ర స్కాలర్‌షిప్ కింద తొమ్మిది, పదికి ఏటా రూ.75,000 దాకా, ఇంటర్‌కు రూ.1,25,000 దాకా వస్తుందని వాట్సాప్‌లో తిరుగుతుంటుంది. మాట నిజమే, కానీ కేంద్రం జాబితాలో ఉన్న బడుల్లో చదివేవాళ్లకే. ఆ జాబితాలో మీ బడి లేకపోతే నెట్ సెంటర్‌లో డబ్బు తగలేయకండి. ఎన్‌టీఎస్‌ఈకి (జాతీయ ప్రతిభాన్వేషణ పరీక్షకు) కోచింగ్ అని ఎవరైనా అంటే అసలే నమ్మొద్దు. 2021 తర్వాత ఆ పరీక్షే జరగలేదు.

పదయ్యాక పాలిటెక్నిక్‌లో చేరితే ఎన్‌ఎంఎంఎస్ ఆగిపోతుంది, డిప్లొమాకు అది వర్తించదు. ఆ రూ.24,000 కోసం మంచి ప్రభుత్వ పాలిటెక్నిక్ సీటు మాత్రం వదులుకోకండి.