మడ్లేనా, ఫినాన్సియేనా? మసాలా వేసి చేస్తే ఏది మేలు

ఫ్రాన్స్ మసాలా కేక్ అనగానే చాలామంది దిజోన్‌లో చేసే పెన్ దెపీస్ పేరు చెప్తారు గానీ అది తేనె కేకు, పాత పద్ధతిలో అయితే అసలు వెన్నే పడదు, సో దాన్ని పక్కన పెట్టేద్దాం. వెన్నతో చిన్న చిన్న కేకులు, కాస్త మసాలా ఘాటుతో కావాలంటే నా లెక్కలో పోటీ మడ్లేన్, ఫినాన్సియే, ఈ రెండిటికే. మడ్లేన్ అంటే లొరేన్ ప్రాంతంలో కొమెర్సీ ఊరిది, ఆల్చిప్ప ఆకారం. ఫినాన్సియే పారిస్ స్టాక్ ఎక్స్ఛేంజ్ పక్కన పేరు తెచ్చుకుందంటారు, అందుకే అచ్చం బంగారు బిస్కెట్‌లా ఉంటుంది.

మడ్లేన్ కొలత నోటికొచ్చేస్తుంది: 2 గుడ్లు, మైదా, పంచదార, కరిగించిన వెన్న తలా 100 గ్రాములు, చిన్న చెంచాడు బేకింగ్ పౌడర్. ఇందులోకి యాలకులే. అప్పటికప్పుడు దంచి, నిమ్మతొక్క తురుముతో కలిపి పంచదారలో వేళ్ళతో రుద్దాలి, డబ్బాలో ఎప్పటిదో పొడి వేస్తే దండగ. తర్వాత పిండిని రాత్రంతా ఫ్రిజ్‌లో పెట్టాలి, ఇదే అసలు కిటుకు. చల్లటి పిండి 220 డిగ్రీల వేడిలోకి వెళ్ళగానే అంచులు ముందు గట్టిపడిపోతాయి, మధ్యలో ఇంకా జారుగా ఉన్న పిండికి వేరే దారి లేక పైకి తన్నుకొస్తుంది, ఎద్దు మూపురంలా. నాలుగైదు నిమిషాలయ్యాక 180కి తగ్గిస్తే మొత్తం పది నిమిషాల్లో పని అయిపోతుంది. నేను మొదటిసారి ఆగలేక కలిపిన వెంటనే పెట్టేశా, మూపురం లేదు ఏం లేదు, చదునుగా వచ్చాయి, మా ఆయన టీలో ముంచుకుని బిస్కెట్లు బావున్నాయే అన్నాడు!

ఫినాన్సియేలో రుచంతా వెన్న కాచడంలోనే ఉంది. మనం నెయ్యి కాస్తాం చూడండి, నురగ తగ్గి అడుగున మడ్డి ఎర్రబడుతూ కమ్మటి వాసన వస్తుంది, కరివేపాకు రెబ్బ పడేసే టైము, సరిగ్గా అక్కడే దించేయాలి, కాకపోతే ఇక్కడ వడకట్టకూడదు, ఆ మడ్డి కూడా గీకి పిండిలో వేయాలి. ఉప్పు వెన్న వాడితే ఆ ఉప్పంతా మడ్డితో పాటే వచ్చేస్తుంది, ఉప్పులేనిదే కొనండి. ఇంట్లో తీసిన వెన్నలో నీళ్ళు ఎక్కువ కాబట్టి కాచాకే తూచుకోవాలి, 80 గ్రాములు రావాలి. దానికి 3 గుడ్ల తెల్లసొన, 50 గ్రాముల బాదం పొడి, 40 మైదా, 100 పంచదార పొడి. బేకింగ్ పౌడర్ అక్కర్లేదు, గిలక్కొట్టక్కర్లేదు, 190లో 12 నుంచి 14 నిమిషాలు. బాదం మిక్సీలో వేసేటప్పుడు పంచదార కూడా కలిపి ఆపి ఆపి తిప్పండి, లేకపోతే నూనె వదిలి ముద్దైపోతుంది.

మసాలా సంగతికొస్తే, ఈ కాచిన వెన్న ముందు యాలకులు తేలిపోయాయి నాకైతే. దాల్చినచెక్క, ఒక్క లవంగం, చిటికెడు మిరియాల పొడి వేస్తే మాత్రం అదిరింది, మర్నాటికి ఇంకా బాగా పట్టింది.

ఇక ఏది మేలంటే, కొత్తగా ఓటీజీ (బల్ల మీద పెట్టుకునే చిన్న కరెంటు ఓవెన్) కొన్నవాళ్ళకి, అందులోనూ దాని వేడి మీద నమ్మకం లేనివాళ్ళకి, నా ఓటు ఫినాన్సియేకే. మూపురం టెన్షన్ లేదు, చిన్న మఫిన్ ట్రే చాలు, డబ్బాలో పెడితే రెండు మూడు రోజులు మెత్తగానే ఉంటుంది, అత్తగారింటికి పట్టుకెళ్ళొచ్చు. మడ్లేన్‌కి ఆల్చిప్ప అచ్చు కొనాలి, పైగా సాయంత్రానికే ఎండడం మొదలు. కానీ ఓవెన్లోంచి తీసిన అయిదు నిమిషాలకి, అంచు కరకర, లోపల దూది, పగలగొడితే యాలకుల ఆవిరి, ఆ అయిదు నిమిషాలు మాత్రం ఫినాన్సియే దాని కాలిగోటికి సరిపోదు. చుట్టాలు నాలుగింటికి వస్తామంటే ముందురోజు రాత్రే పిండి కలిపి ఫ్రిజ్‌లో పెట్టేస్తా, వాళ్ళు చెప్పులు విప్పుతుంటే ట్రే లోపలికి తోస్తా.

ఖర్చంటారా, బాదం వల్ల ఫినాన్సియేదే ఎక్కువ. మిగిలిన 3 పచ్చసొనల్ని ఏం చేయాలని నన్నడక్కండి, మా ఇంట్లో అవి ఉల్లిపాయల పొరుటులో కలిసిపోతాయి.