వసతిగృహంలో స్టీలు పేలదువ్వెన: వాడి చూసి చెబుతున్నాను

వరంగల్‌కు దగ్గరలో ఒక ఆడపిల్లల వసతిగృహంలో సంరక్షకురాలిగా పనిచేస్తున్నాను. బతుకమ్మ సెలవులు ముగిసి పిల్లలు తిరిగొచ్చారంటే మా వరండాలో తలలు చూసే పని మొదలవుతుంది. అమ్మమ్మ ఇంట్లో అక్కచెల్లెళ్లంతా ఒకే పరుపు మీద పడుకుని వస్తారు. పేలకు ఎగరడం, దూకడం రాదు. తలకు తల ఆనితే చాలు, పాకిపోతాయి.

ప్లాస్టిక్ దువ్వెనలైతే నాలుగు తలలు చూసేసరికి పళ్లు ఎడమైపోయేవి. ఈ ఏడు వరంగల్ చౌరస్తాలో ఒక ఫ్యాన్సీ దుకాణం నుంచి పొడుగు పళ్ల స్టీలు దువ్వెన తెచ్చాను. ధర వంద రూపాయల లోపే. పళ్ల మధ్య సందు వెలుగుకు పట్టి చూస్తే తప్ప కనబడదు.

పేలు తీయడం సరే, అసలు తలలో ఉన్నదేమిటో తేల్చుకోవడానికి ఇది ఎంతో పనికొస్తోంది. తడి జుట్టుకు కొబ్బరినూనె పట్టించి, చెవుల వెనక, మెడ పైన, కుదుళ్ల నుంచి చివరిదాకా దువ్వి, ప్రతిసారీ తెల్లగుడ్డకు తుడుస్తాను. చుండ్రయితే పొట్టు రాలి గుడ్డ మీద పడుతుంది. ఈపి అంత తేలిగ్గా రాదు. వెంట్రుకకు ఒక పక్కన గట్టిగా అతుక్కుని, గోళ్లతో పట్టి లాగితేగానీ జారదు. కుదురుకు సెంటీమీటరు దాటి కనిపించేవి చాలావరకు పిల్ల బయటికి వెళ్లిపోయిన డొల్లలే.

ఐదో తరగతి పాప ఒకతె, "చుండ్రే మేడమ్, అమ్మ నిమ్మరసం రాయమంది" అంది. పాయ తీసి చూస్తే రూపాయి బిళ్లంత మేర పొలుసులు. వెంట్రుకలు కుదురు దగ్గరే తెగి నల్లచుక్కలుగా ఉన్నాయి. మెడ వెనక బిళ్లలు కట్టాయి. దువ్వెన అక్కడే ఆపేసి ఎంజీఎం ఆసుపత్రికి పంపించాం. తలకు పట్టిన తామర, అంటే ఫంగస్ అని తేలింది. పైపూత కుదురు లోపలికి చేరదు కాబట్టి దీనికి వారాల తరబడి మాత్రలు మింగాల్సిందే. జుట్టు బిళ్లలా ఊడిపోయే పేనుకొరుకుడు వేరు, అందులో మచ్చ నున్నగా ఉంటుంది, పొట్టు రాలదు; దానికీ పేలకూ సంబంధం లేదు. అదీ డాక్టరు చూడాల్సినదే.

లోపాలూ ఉన్నాయి. పిడి ప్లాస్టిక్‌ది కావడంతో ఉడుకునీళ్లలో నానబెట్టేకొద్దీ అతుకు వదులవుతోంది. ఉంగరాల జుట్టుకు ముందు మామూలు దువ్వెనతో చిక్కు తీయకపోతే చిన్నపిల్లలు ఏడుస్తారు. తల నిండా పేలుంటే దువ్వెన ఒక్కటే చాలదు. 1 శాతం పర్‌మెత్రిన్ లోషన్ పట్టించి, పది నిమిషాలయ్యాక కడిగి, వారం పది రోజులకు మళ్లీ పెట్టాలి. మిగిలిన ఈపులు ఆలోపు పొదుగుతాయి మరి. కిరోసిన్ రాయమని చెప్పేవాళ్లు ఇంకా ఉన్నారు. మాడు కాలిపోతుంది, నిప్పు దగ్గరికి వెళితే ప్రాణానికే ముప్పు. పసిపిల్లల తల మీద దయచేసి అది పోయకండి.

కొనేటప్పుడు పళ్లను బొటనవేలితో పక్కకు నొక్కి చూడండి, వంగితే వద్దు. పిడి కూడా స్టీలుదే దొరికితే కాస్త ఎక్కువైనా అదే తీసుకోండి.