సీప్యాప్, బైప్యాప్, పళ్ల పరికరం: ఏళ్ల తరబడి వాడాక ఏది ఎవరికి

నిద్రలో ఊపిరి ఆగే జబ్బుకు మాస్కు ద్వారా ఒత్తిడితో గాలి పంపి శ్వాసదారి మూసుకోకుండా చూసే మిషన్ (సీప్యాప్, బైప్యాప్) కొనేటప్పుడు అందరూ కంపెనీ, ధర చూస్తారు. చూడాల్సింది మాస్కు. అది ముఖానికి కుదరకపోతే ఎంత ఖరీదైన మిషనైనా అటకెక్కుతుంది.

స్లీప్ స్టడీ రిపోర్టులో ఏహెచ్ఐ (గంటకు ఎన్నిసార్లు ఊపిరి ఆగిందో, తగ్గిందో చెప్పే లెక్క) 5 నుంచి 15 ఉంటే తేలిక, 30 దాటితే తీవ్రం. తేలిక, మధ్యరకం వాళ్లకు డెంటిస్టు అచ్చు తీసి చేసే పళ్ల పరికరం పనికొస్తుంది. కింది దవడను ముందుకు లాగి పట్టి ఉంచుతుంది. కరెంటు అక్కర్లేదు. కానీ పొద్దున్నే దవడ కీలు నొప్పి, చొంగ, కొన్నేళ్లకు పళ్ల కలయికలో తేడా వస్తాయి. కట్టుడు పళ్లవాళ్లకు పట్టుగా నిలవదు. అది పెట్టుకుని మరోసారి స్టడీ చేయించుకుంటేనే పనిచేస్తోందో లేదో తెలుస్తుంది. గురక తగ్గినంత మాత్రాన జబ్బు తగ్గినట్టు కాదు.

ఎక్కువమందికి ఆటో సీప్యాప్, అంటే అవసరాన్ని బట్టి ప్రెజర్‌ను తానే మార్చుకునే మిషన్, సరిపోతుంది. షాపువాళ్లు ప్రెజర్ పరిధిని 4 నుంచి 20 (సెంటీమీటర్ల నీటి ఒత్తిడి) దగ్గర అలాగే వదిలేసి ఇస్తారు. 4 దగ్గర చాలామందికి గాలి చాలక ఉక్కిరిబిక్కిరి అవుతుంది, మిషన్ ప్రెజర్ పెంచేలోపే శ్వాస ఆగుతుంది. మిషన్ మెమరీ కార్డులోని డేటా డాక్టరుకు చూపించి కింది ప్రెజర్ సరిచేయించండి. ఊపిరి వదలడం కష్టమైతే ముందు ఈపీఆర్ (ఊపిరి వదిలేటప్పుడు ప్రెజర్ తగ్గించే సెట్టింగు, రెస్‌మెడ్ కంపెనీ మిషన్లలో ఉంటుంది) 3కి పెట్టి చూడాలి. పీల్చేటప్పుడు ఎక్కువ, వదిలేటప్పుడు తక్కువ ప్రెజర్ ఇచ్చే బైప్యాప్ బాగా ఖరీదు; చాలా ఎక్కువ ప్రెజర్ కావాల్సినవాళ్లకు, రక్తంలో కార్బన్ డయాక్సైడ్ పేరుకునేవాళ్లకు అది. సుఖం కోసమని అంత డబ్బు పొయ్యనక్కర్లేదు.

ఇక మాస్కు. ముక్కు రంధ్రాల దగ్గర ఆనే పిల్లోస్ రకం మాస్కులు మీసం ఉన్నవాళ్లకు కూడా బాగా కుదురుతాయి, కానీ ప్రెజర్ ఎక్కువైతే ముక్కు ఒరుసుకుపోతుంది. నోరు తెరిచి పడుకునేవాళ్లకు ముక్కు, నోరు రెండూ కప్పే ఫుల్ ఫేస్ తప్పదు. కూర్చుని సరిచూస్తే సరిపోదు: పడుకుని, మిషన్ ఆన్‌లో పెట్టి, మాస్కును ముఖం నుంచి కొంచెం లేపి వదలండి. కుషన్ గాలితో ఉబ్బి తనంతట తానే అతుక్కుంటుంది. లీకైతే పట్టీలు బిగించడం అందరూ చేసే పొరపాటు; బిగిస్తే కుషన్ నలిగి లీకు ఇంకా పెరుగుతుంది, ముక్కు మీద పుండు పడుతుంది. రెస్‌మెడ్ మిషన్లలో లీకు నిమిషానికి 24 లీటర్లు దాటకూడదు. ముఖం జిడ్డు, తలనూనె సిలికాన్‌ను పాడుచేస్తాయి కాబట్టి కుషన్‌ను రోజూ గోరువెచ్చని సబ్బునీళ్లతో కడగాలి. డెట్టాల్, స్పిరిట్ వద్దు.

మన బోరు నీళ్లు హ్యుమిడిఫయర్‌లో (గాలికి తేమ కలిపే నీళ్ల తొట్టిలో) పోస్తే అడుగున తెల్లటి చారలు కడతాయి. డిస్టిల్డ్ వాటర్ మేలు, అది కూడా మెడికల్ షాపులో కొన్నదే. బ్యాటరీల్లో పోసేది పీల్చడానికి తయారుచేసింది కాదు. ఏసీ గదిలో ట్యూబులో నీళ్లు చేరి గుడగుడమంటే హీటెడ్ ట్యూబు పెట్టుకోండి, లేదా తేమ ఒక మెట్టు తగ్గించి మిషన్‌ను మంచం కన్నా కిందికి దించండి. కట్టడాల దుమ్ము ఎక్కువున్న హైదరాబాద్ కోకాపేట వైపు ఫిల్టరు నెలకోసారి తీసి చూడాలి. నల్లబడితే మార్చడమే, వాడి పారేసే రకాన్ని కడగకూడదు.

సెకండ్‌హ్యాండ్ కొనేవాళ్లు జాగ్రత్త: ఫిలిప్స్ 2021 జూన్‌లో లోపలి ఫోమ్ పొడి రాలే ప్రమాదం ఉందని డ్రీమ్‌స్టేషన్ మొదటి తరం మిషన్లను వెనక్కి పిలిచింది. సీరియల్ నంబరు సరిచూడకుండా తీసుకోవద్దు.

కరెంటు పోయినప్పుడు ఇంటి ఇన్వర్టరు మీద నడుపుతుంటే హ్యుమిడిఫయర్, హీటెడ్ ట్యూబు రెండూ ఆపండి. కరెంటు ఎక్కువ తినేవి అవే.