నంబరు సేవ్ చేసుకున్నవారికే చేరే సందేశం: చిన్న యోగా కేంద్రానికి వాట్సాప్ బిజినెస్

కాకినాడలో మా అక్క నడిపే యోగా కేంద్రంలో ఫోను, సందేశాలు, రుసుముల లెక్క చూసుకునే పని నాది. ఆ పనికంతటికీ మేము వాడుతున్నది 2018లో మన దేశానికి వచ్చిన వాట్సాప్ బిజినెస్ యాప్, అదీ ఉచితంగా దొరికే రూపమే. యోగా, ప్రకృతి చికిత్స, మర్దన, ఆయుర్వేద సలహా వంటి సేవలు అందించే చిన్న కేంద్రం తన దగ్గరకు వచ్చేవారితో నిజాయతీగా సంబంధం నిలుపుకోవడానికి ఈ యాప్ ఎంతవరకు పనికొస్తుందో చెప్పడమే ఈ సమీక్ష ఉద్దేశం. ఇలాంటి చోటికి వచ్చే మనిషి నడుము నొప్పితోనో, నిద్రలేమితోనో, డాక్టరు చేసిన హెచ్చరికతోనో వస్తాడు. ఆ స్థితిలో ఉన్నవారికి ఏదైనా అంటగట్టడం చాలా తేలిక కాబట్టి, ఈ రంగంలో ప్రచారానికి బట్టల దుకాణం ప్రచారానికి ఉన్నదానికంటే గట్టి కట్టుబాటు ఉండాలని నేను నమ్ముతాను.

ఈ యాప్‌లో నాకు అన్నిటికంటే విలువైనదిగా కనిపించేది, చాలామంది లోపంగా చెప్పుకునే అంశమే. ఒకే సందేశాన్ని చాలామందికి ఒకేసారి పంపడానికి పెట్టుకునే జాబితాను బ్రాడ్‌కాస్ట్ లిస్టు అంటారు, ఒక్కొక్కదానిలో 256 మందిని మించి చేర్చలేము. చేర్చినవారిలో కూడా మన నంబరును తమ ఫోనులో సేవ్ చేసుకున్నవారికే ఆ సందేశం చేరుతుంది. అంటే ఎవరి నంబరో సంపాదించి జాబితాలో వేసుకున్నంత మాత్రాన ప్రయోజనం లేదు. ముందుగా ఆ మనిషితో మాట్లాడి, "మా నంబరు సేవ్ చేసుకుంటారా, నెలకు ఒకటి రెండు సందేశాలు మాత్రమే పంపుతాము" అని అడగవలసిందే. అలా అడిగినప్పుడు "వద్దులెండి, అవసరమైతే నేనే ఫోన్ చేస్తాను" అనేవారు ఉంటారు, ఆ మాటను అలాగే గౌరవించాలి. సరేనన్నవారికి తరువాత విసుగు పుడితే నంబరు తీసేస్తే చాలు, మాకు ఒక్క మాటైనా చెప్పవలసిన మొహమాటం లేకుండా సందేశాలు ఆగిపోతాయి. సమ్మతి ఇచ్చినంత సులభంగా దాన్ని వెనక్కి తీసుకునే వీలు ఉండాలని 2023 నాటి డిజిటల్ వ్యక్తిగత సమాచార రక్షణ చట్టం చెబుతున్నది. ఈ ఉచిత యాప్‌లోని పాత హద్దు ఆ భావానికి చాలా దగ్గరగా ఉంది.

బ్రాడ్‌కాస్ట్‌గా పంపిన సందేశం అందుకున్నవారికి విడి సంభాషణగానే కనిపిస్తుంది, వారి జవాబు మాకొక్కరికే వస్తుంది. శ్వాస అభ్యాసాల గురించి నాలుగు వాక్యాలు పంపితే, దానికి బదులుగా "అమ్మా, మోకాలు మళ్ళీ పట్టేసింది, రేపు రావచ్చా?" అన్న ప్రశ్న రావడం మామూలు. ఆ ప్రశ్నకు ఆ పూటే మనిషి జవాబు చెప్పలేకపోతే ఆ సందేశం పంపకుండా ఉండటమే మేలు. అందుకే మేము తెల్లవారుజాము తరగతులన్నీ ముగిసి అక్క తీరికగా కూర్చున్న వేళలోనే బ్రాడ్‌కాస్ట్ పంపుతాము. ఎన్ని పంపగలమన్నది జాబితా పొడవును బట్టి కాక, జవాబులు చెప్పే తీరికను బట్టి తేలుతుంది.

గ్రూపు మాత్రం ఇందుకు ప్రత్యామ్నాయం కాదు. గ్రూపులో చేరినవారి నంబర్లు ఒకరివి ఒకరికి కనిపిస్తాయి. గర్భిణుల తరగతికో, నెలసరి సమస్యలతో వచ్చే ఆడవారి తరగతికో గ్రూపు పెట్టడమంటే వారు ఎందుకు వస్తున్నారో ముక్కు మొహం తెలియనివారికి చెప్పడమే అవుతుంది. తరగతి వేళ మారిందని చెప్పడానికి పెట్టిన గ్రూపులో ఎవరో అమాయకంగా తమ థైరాయిడ్ రిపోర్టు పెట్టడం, దానికి పదిమంది పది వైద్యాలు చెప్పడం చాలాచోట్ల జరిగేదే. ఆ గ్రూపు తెరిచిన కేంద్రానిదే ఆ బాధ్యత.

సంభాషణలను వర్గాలుగా విడదీయడానికి తగిలించే గుర్తులైన లేబుళ్ళ విషయంలో యాప్‌ను తయారుచేసినవారి దృష్టి సరుకుల వ్యాపారం మీదే ఉన్నట్టు తెలుస్తుంది. మొదట్లో ఇచ్చే లేబుళ్ళు కొత్త కస్టమర్, కొత్త ఆర్డర్, చెల్లింపు రావలసి ఉంది వంటివే. మనకు కావలసిన పేర్లతో కొత్తవి పెట్టుకోవచ్చు, పరీక్ష అక్కడే మొదలవుతుంది. "షుగర్", "బరువు", "సంతానం" అని లేబుళ్ళు పెట్టి ఒక్కో వర్గానికి తగిన నూనెనో కషాయాన్నో ప్రచారం చేయడం యాప్‌లో రెండు నిమిషాల పని. లేబుల్ అవతలివారికి కనిపించదు, అయితే కౌంటరు మీద తెరిచి ఉన్న ఫోనులోనూ, దానికి కలిపిన కంప్యూటరులోనూ పక్కనున్న ఎవరికైనా కనిపిస్తుంది. తరగతి వేళ తెలుసుకోవడానికి నంబరు ఇచ్చిన మనిషి తన జబ్బును వ్యాపారానికి వాడుకోమని ఇచ్చినట్టు కాదు. మేము వేళలకు, రుసుముకు మాత్రమే లేబుళ్ళు వాడతాము. ఆరోగ్య వివరాలు అక్క చేతిరాతతో బీరువాలో ఉండే పుస్తకంలోనే ఉంటాయి.

మన సేవలను వివరాలతో చూపించే పట్టిక అయిన కేటలాగ్‌ను చిన్న కేంద్రాలు తప్పకుండా వాడాలి, పూర్తి ధర రాయడానికి అదే సరైన చోటు. నెల రుసుము, విడి తరగతి రుసుము, మధ్యలో మానేస్తే ఎంత తిరిగి వస్తుంది, ఎవరు డాక్టరును అడగకుండా చేరకూడదు అన్నవన్నీ వివరణలో పెట్టవచ్చు. మొదట తక్కువ ధర చూపించి చివర్లో ఒక్కొక్కటిగా పెంచడం, లేని తొందర సృష్టించడం, వద్దన్నవారిని సిగ్గుపడేలా చేయడం 2023 నవంబరులో కేంద్ర వినియోగదారుల రక్షణ ప్రాధికార సంస్థ ప్రకటించిన 13 మోసపు పద్ధతుల్లోనివే. మన ఊళ్ళ సందేశాల్లో ఇవి ఎలా ఉంటాయో అందరికీ తెలుసు: "రెండే సీట్లు మిగిలాయి, ఈ రాత్రి వరకే", "మీ ఆరోగ్యం మీద మీకే శ్రద్ధ లేకపోతే ఎవరు చూస్తారు?" రెండో వాక్యం నాకు మరీ బాధ కలిగిస్తుంది. తరగతికి రావడం మానేసినవారి ఇంట్లో పెద్దలకు జబ్బు చేసి ఉండవచ్చు, చేతిలో డబ్బు లేకపోయి ఉండవచ్చు. వారికి ఒకే ఒక్కసారి, "మీ స్థానం అలాగే ఉంది, వీలైనప్పుడు రండి, రాలేకపోయినా పరవాలేదు" అని రాసి అక్కడితో ఆగాలి.

కేటలాగ్‌లో ఏం రాయకూడదో కూడా చెప్పాలి. మధుమేహం, రక్తపోటు, స్థూలకాయం వంటి జబ్బులను నయం చేస్తుందంటూ ఔషధాలను ప్రకటించడాన్ని 1954లో వచ్చిన ఔషధాలు, మాయా చికిత్సల అభ్యంతరకర ప్రకటనల చట్టం నిషేధించింది. ఆ చట్టం ప్రకటనకు ఇచ్చిన నిర్వచనంలో నోటీసు, కరపత్రం మొదలుకొని కాంతి, శబ్దం, పొగ ద్వారా చేసే చాటింపు దాకా ఉన్నాయి కాబట్టి, ఇది ఫోనులో పంపిన సందేశమే కదా అని నూనె సీసా ఫొటో కింద "షుగర్ పూర్తిగా తగ్గుతుంది" అని రాసి తప్పించుకోలేము. స్టేటస్ 24 గంటల్లో పోతుందన్న ధైర్యంతో అక్కడ పెట్టేవాటికీ అదే నియమం. స్టేటస్‌లో అనుభవాలు పంచుకునేటప్పుడు వాటిని చెప్పినవారి అనుమతి మేము తీసుకుంటాము, బరువు తగ్గక ముందు, తగ్గిన తరువాత అంటూ జంట ఫొటోలు పెట్టము.

ముందే రాసిపెట్టుకునే జవాబులు (క్విక్ రిప్లైలు), మనం అందుబాటులో లేనప్పుడు తనంత తానే వెళ్ళే సందేశం ("అవే" మెసేజ్) బాగానే పనిచేస్తాయి. తనంత తానే వెళ్ళే పలకరింపు, అంటే గ్రీటింగ్ మెసేజ్ విషయంలో మాత్రం కొంచెం జాగ్రత్త అవసరం. అది మొదటిసారి రాసినవారికే కాక, 14 రోజులు సంభాషణ లేకపోయిన తరువాత రాసినవారికీ వెళుతుంది. ఏడాదిగా తరగతికి వస్తూ ఫోనులో మాట్లాడే అవసరం రాని పెద్దావిడకు "మా కేంద్రానికి స్వాగతం, మీ పేరు చెప్పండి" అని వెళితే ఆవిడ నొచ్చుకుంటారు. కొత్తవారికీ పాతవారికీ సరిపోయేలా, "నమస్కారమండీ, తరగతి ముగియగానే స్వయంగా జవాబిస్తాము" అన్నంత క్లుప్తంగా దాన్ని మార్చి రాసుకోవాలి.

డబ్బు చెల్లించి వాడే వాట్సాప్ బిజినెస్ ప్లాట్‌ఫారం సంగతి వేరు. అక్కడ 2025 జూలై 1 నుంచి సందేశానికి ఇంత అని రుసుము పడుతున్నది, మార్కెటింగ్ సందేశాలు ఆమోదం పొందిన మూసల్లోనే పంపాలి, అందుకునేవారు మన నంబరు సేవ్ చేసుకుని ఉండనక్కరలేదు. అనుమతి తీసుకోవాలన్న నిబంధన వాట్సాప్ విధానంలో ఉన్నా, ఉచిత యాప్‌లో యంత్రమే కాపాడే హద్దును అక్కడ మన మనస్సాక్షే కాపాడుకోవాలి. పేరు పక్కన కనిపించే నీలి గుర్తు కొనుక్కోవడం గురించి కూడా నన్ను అడుగుతుంటారు. ఆ గుర్తు ఖాతా ఎవరిదో చెబుతుంది, చికిత్స ఎలాంటిదో చెప్పదు. ఆ తేడా తెలియని రోగి ముందు దాన్ని అర్హతలా చూపించకూడదు.

ఒక గురువు, రెండు మూడు తరగతులు ఉన్న కేంద్రానికి ఉచిత యాప్ నిస్సందేహంగా సరిపోతుంది, నేను ఐదుకు నాలుగు మార్కులు ఇస్తాను. తగ్గించిన ఆ ఒక్క మార్కు, "ఇక పంపవద్దు" అని అందుకున్నవారు ఒక్క నొక్కుతో చెబితే ఆ పేరు బ్రాడ్‌కాస్ట్ లిస్టులోంచి తనంత తానే తొలగిపోయే సదుపాయం కోసం. అది వచ్చేదాకా ప్రతి సందేశం చివర "వద్దనుకుంటే వద్దు అని రాయండి" అన్న వాక్యం చేర్చి, అలా రాసినవారి పేరు ఆ రోజే తీసేయడం నా పనుల్లో ఒకటిగా ఉంటుంది.