టింబక్టూ, కిల్వా: వర్తకుడికి ఏది మేలు, విద్యార్థికి ఏది మేలు?

మధ్యయుగ ఆఫ్రికాలో ఇస్లామీయ విద్యకూ, వర్తకానికీ పేరుపడిన నగరం అనగానే మాలీలోని టింబక్టూ గుర్తొస్తుంది. తూర్పు తీరాన, నేటి టాంజానియాకు చెందిన కిల్వా ద్వీపం పేరు మనలో చాలామంది విననే లేదు. మొరాకో యాత్రికుడు ఇబ్న్ బతూతా రెండూ చూశాడు. 1331లో కిల్వాను చూసి ఎంత అందమైన ఊరో అని మెచ్చుకున్నాడు. 1353లో చూసిన టింబక్టూ గురించి మాత్రం పెద్దగా రాయలేదు. దాని మంచి రోజులు అప్పటికి ఇంకా రాలేదు.

వర్తకం ఒక్కటే చూస్తే నా ఓటు కిల్వాకే. ఈశాన్య రుతుపవనాలతో ఓడలు వచ్చేవి, నైరుతి గాలి తిరగగానే వెళ్లిపోయేవి. దక్షిణాన ఉన్న సొఫాలా రేవు నుంచి వచ్చే బంగారం, ఏనుగు దంతాలు ఎగుమతయ్యేవి. చైనా పింగాణీ, మన దేశపు గాజుపూసలు, నూలు బట్టలు రేవులో దిగేవి. సుల్తానులు సొంతంగా రాగి నాణేలు ముద్రించారు. టింబక్టూ వర్తకుడి కష్టం వేరు. సహారాలోని తఘాజా గనుల ఉప్పు పలకలను ఒంటెకు అటూ ఇటూ కట్టి వారాల తరబడి ఎడారి దాటించాలి. ఆపైన నైజర్ నది మీది కబరా రేవులో పడవలకెక్కించాలి. రెండు చోట్లా మనుషులనూ సరుకుగా అమ్మారు. ఆ సంగతి దాచి ఏ ఊరినీ పొగడకూడదు.

చదువు దగ్గరికి వస్తే తూకం మారిపోతుంది. కిల్వాలోనూ పండితులున్నారు, పగడపు రాతితో కట్టిన గుమ్మటాల మసీదు ఉంది. కానీ టింబక్టూలో పుస్తకమే సరుకు. 16వ శతాబ్ది తొలినాళ్లలో వచ్చిన యాత్రికుడు లియో ఆఫ్రికానస్, మిగతా సరుకులన్నిటికన్నా రాతప్రతుల మీదే ఎక్కువ లాభం వస్తుందని రాశాడు. అక్కడి పేరుపడ్డ విద్యాకేంద్రం సంకోరే మసీదును నేటి విశ్వవిద్యాలయంలా ఊహించుకోవద్దు. శిష్యుడు గురువు ఇంట్లోనో, మసీదులోనో కూర్చుని ఒక గ్రంథాన్ని ఆయనకు చదివి వినిపించేవాడు. గురువుకు తృప్తి కలిగితే ఆ గ్రంథాన్ని బోధించేందుకు ఇజాజా, అంటే అనుమతి, రాసిచ్చేవాడు. అందులో గురువు పేరుతో పాటు ఆయన గురువుల వరుస కూడా ఉండేది.

1591లో మొరాకో సైన్యం టింబక్టూను పట్టుకుంది. తర్వాత బందీగా మర్రాకేష్‌కు తరలించిన పండితుడు అహ్మద్ బాబా, తన 1,600 పుస్తకాలు పోయాయని, బంధువులందరిలోకీ తన గ్రంథాలయమే చిన్నదని చెప్పుకున్నాడు. చిన్నదే అంత! ఈ మాట చదివాక విద్యార్థి పక్షాన నాకు రెండో ఆలోచన లేదు.

కిల్వాను 1505లో పోర్చుగీసువారు కొల్లగొట్టారు. అక్కడ ఇప్పుడు కనిపించేవి శిథిలాలు, నాణేలు. టింబక్టూ రాతప్రతులను మాత్రం కుటుంబాలు తరతరాలుగా పెట్టెల్లో దాచుకుంటూ వచ్చాయి. 2012లో సాయుధులు నగరాన్ని ఆక్రమించినప్పుడు ఆ ఊరివాళ్లే వాటిని రేకు పెట్టెల్లో సర్ది, కార్లలో, పడవల్లో రహస్యంగా మాలీ రాజధాని బమాకోకు చేర్చారు.