ఏజెంట్ల కోసం రాసిన షిఫ్టుల టూల్ డాక్యుమెంటేషన్: ఏడాది వాడకం తర్వాత

సిబ్బంది షిఫ్టుల సమాచారాన్ని ఏఐ ఏజెంట్లకు (మన తరఫున పనులు చేసే ఏఐ ప్రోగ్రాములకు) అందించే ఒక టూల్‌ను ఏడాదికి పైగా వాడుతున్నాను. రోస్టర్ (ఎవరికి ఏ షిఫ్టో చెప్పే పట్టిక) మీద తుది నిర్ణయం మాదే. ఖాళీగా ఉన్న షిఫ్టులను వెతకడం, ఎవరికి విశ్రాంతి తక్కువైందో చెప్పడం, షిఫ్టు మార్పిడి అభ్యర్థనలను పరిశీలించడం ఏజెంటు పనులు. ఈ సమీక్ష టూల్ డాక్యుమెంటేషన్‌కే పరిమితం. ఏజెంటు జవాబును ఎంతవరకు నమ్మవచ్చో చాలావరకు అదే తేల్చుతోందని నా అనుభవం.

2024 నవంబరులో ఏఐ సంస్థ ఆంత్రోపిక్ విడుదల చేసిన మోడల్ కాంటెక్స్ట్ ప్రోటోకాల్ (ఏఐని బయటి టూల్స్‌తో కలిపే ప్రమాణం) ఆధారంగా ఈ టూల్ పనిచేస్తుంది. ఆ ప్రోటోకాల్‌లో ప్రతి టూల్‌కూ ఒక పేరు, మామూలు మాటల్లో రాసిన వివరణ, ఇన్‌పుట్ ఎలా ఉండాలో చెప్పే జేసన్ స్కీమా ఉంటాయి. ఏజెంటు ముందున్నది ఆ వివరణే. వేరే చోట ఎంత చక్కని మాన్యువల్ రాసిపెట్టినా అది దాని దాకా చేరకపోవచ్చు. సందేహం వచ్చిన ఉద్యోగి పక్కవారిని అడుగుతాడు, ఏజెంటు చాలాసార్లు తనకు తోచిన అర్థంతోనే ముందుకు సాగిపోతుంది. అందుకే మనుషులకు చెప్పనక్కరలేదనిపించే సంగతులను కూడా ఇక్కడ రాసి తీరాలి.

ఈ డాక్యుమెంటేషన్‌లో నాకు అన్నిటికంటే విలువైనదిగా తోచిన భాగం ఖాళీ జాబితా గురించినది. ఒక వార్డుకో కౌంటరుకో ఆదివారం రాత్రి ఎవరున్నారని అడిగినప్పుడు ఖాళీ జాబితా వస్తే, ఎవరినీ కేటాయించలేదని అర్థమా, ఆ వారం రోస్టర్ ఇంకా ప్రకటించలేదని అర్థమా, లేక అడిగినవారికి ఆ విభాగం వివరాలు చూసే అనుమతి లేదని అర్థమా? మూడింటికీ ఒకే జవాబు వచ్చే టూల్ అయితే, ఏజెంటు ఎంతో నమ్మకంగా ‘ఎవరూ లేరు’ అని చెప్పేస్తుంది. దాన్ని నమ్మి ఎవరో ఒకరిని సెలవు రోజున పనికి పిలుస్తారు. ఈ టూల్ మూడింటికీ వేర్వేరు స్టేటస్‌లు ఇస్తుంది. అంతకంటే ముఖ్యంగా, ఒక్కో స్టేటస్ వచ్చినప్పుడు ఏజెంటు ఏమి చెప్పవచ్చో, ఏమి చెప్పకూడదో వివరణలోనే రాసి ఉంది. రాసినవారు షిఫ్టుల పనిని దగ్గర నుంచి చూసినవారై ఉండాలి.

సమయాల విషయంలోనూ అదే శ్రద్ధ కనిపిస్తుంది. రాత్రి 10 గంటలకు మొదలై మర్నాడు ఉదయం 6 గంటలకు ముగిసే షిఫ్టు మొదలైన తేదీ కిందకే వస్తుందని, ముగింపు సమయం షిఫ్టులో భాగం కాదని స్పష్టంగా చెప్పారు; కాబట్టి 6 గంటలకు ముగిసే షిఫ్టు, 6 గంటలకే మొదలయ్యే షిఫ్టు ఒకదానిపై ఒకటి పడినట్టు ఏజెంటు ఫిర్యాదు చేయదు. సమయాలు ఐఎస్ఓ 8601 (తేదీ, సమయం రాసే అంతర్జాతీయ ప్రమాణం) రూపంలో, యూటీసీ అనే ప్రపంచ ప్రామాణిక సమయంతో ఉన్న తేడాతో సహా వస్తాయి. పని జరిగే చోటి టైమ్ జోన్ పేరు విడిగా ఉంటుంది. గడియారాన్ని ముందుకో వెనక్కో జరిపే ప్రాంతాల్లో, ఆ మార్పు జరిగే రాత్రి ఇదే షిఫ్టు 7 లేదా 9 గంటలవుతుందన్న ఉదాహరణ కూడా ఇచ్చారు. జీతం లెక్కలకు ఇది అవసరం.

చదవడానికి మాత్రమే పనికొచ్చే టూల్స్‌ను, రోస్టర్‌ను మార్చే టూల్స్‌ను వేరుగా గుర్తించారు. ప్రోటోకాల్ ప్రకారం ఆ గుర్తులు సూచనలే తప్ప కాపలా కాదు కనుక, అసలు అనుమతులను సర్వర్ వైపే తనిఖీ చేయడం సరైన పద్ధతి.

లోపం పేజీల దగ్గర ఉంది. పెద్ద జాబితాలు భాగాలుగా వస్తాయని, తర్వాతి భాగానికి కర్సర్ (అది ఎక్కడ మొదలవుతుందో చెప్పే గుర్తు) వాడాలని స్కీమాలో ఉన్నా, వివరణలో ఒక్క వాక్యమైనా లేదు. దాంతో ఏజెంటు మొదటి పేజీలోని షిఫ్టులనే కూడి, వారం మొత్తం పనిగంటలుగా చూపింది. నిజానికి పరిమితి దాటిన ఉద్యోగి ఆ లెక్కలో తేలికగా పని చేసినట్టు కనిపించాడు. మేము ఏజెంటుకు ఇచ్చే సూచనల్లో ఆ వాక్యాన్ని చేర్చుకున్నాక ఇబ్బంది తగ్గింది. అయితే అది ఉండాల్సిన చోటు టూల్ వివరణే. వివరణ పెరిగితే ప్రతిసారీ టోకెన్ల (ఏఐ చదివే పదాల ముక్కల) ఖర్చు పెరుగుతుందన్నది నిజమే అయినా, కుదించడానికి అదే వివరణలో టూల్ ప్రయోజనాలను పొగిడే పేరా ఒకటి ఉంది.