మోగితే ఆసుపత్రే: రెండేళ్ళుగా నా జేబులో ఉన్న కీప్యాడ్ ఫోన్

2023లో ఈ ఫోన్ కొన్న కొత్తలో దీన్ని తెగ పొగిడి, బంధువుల్లో ముగ్గురి చేత కొనిపించాను. ఇప్పుడైతే అంత గట్టిగా చెప్పను. అలాగని పారేయలేదు కూడా. గడువు గుర్తుపెట్టుకుని రీచార్జి చేయిస్తూనే ఉన్నాను.

పధ్నాలుగు వందల రూపాయల మామూలు కీప్యాడ్ ఫోన్. టార్చి, ఎఫ్ఎం, పాము ఆట అన్నీ ఉన్నాయి, వాటి గురించి మీకు తెలియనిదేమీ లేదు. నేను చెప్పాలనుకున్నది దాని మోత గురించి.

మా నాయనకి కిడ్నీలు పాడయ్యాయి. వారానికి మూడుసార్లు, వెళ్ళినప్పుడల్లా నాలుగేసి గంటలు డయాలసిస్. మధ్యమధ్యలో ఊపిరాడక ఐసీయూ. అన్న బెంగళూరులో, అక్క చిత్తూరులో ఉంటారు. తిరుపతిలో ఉండేది నేనొక్కణ్ణే కాబట్టి, అడ్మిషన్ ఫారంలో అటెండర్ నంబరు అన్నచోట నా నంబరే రాశారు.

మొదటిసారి ఐసీయూలో పెట్టినప్పుడు నా దగ్గర ఉన్నది స్మార్ట్‌ఫోన్ ఒక్కటే. పలమనేరు నుంచి పెద్దనాయన, మదనపల్లె నుంచి అత్త, ఇంకా ఎవరెవరో ఫోన్లు. "ఎట్లుంది నాయనకి?" అని అడిగిన ప్రతివాళ్ళకీ మొదటినుంచీ చెప్పాలి. చెప్పకపోతే తప్పు. రెండు సిమ్ములు ఉన్నాయి కదా అనుకున్నాను. ఒక సిమ్ములో మాట్లాడుతున్నంతసేపూ నా ఫోన్లో రెండో సిమ్ముకి కాల్ రాదని అప్పుడు తెలిసింది. రాత్రి పదకొండు దాటాక ఇక తట్టుకోలేక డు నాట్ డిస్టర్బ్ పెట్టాను. తెలియని నంబరైనా పావుగంటలోపు రెండోసారి చేస్తే మోగే ఏర్పాటు అందులో ఉంది. అది చాలులే అని కుర్చీలో కళ్ళు మూసుకున్నాను.

ఫోను దృష్టిలో రెండోసారి అంటే అదే నంబరు నుంచి రెండోసారి. నర్సమ్మ ల్యాండ్‌లైన్ నుంచి చేసింది. నేను ఎత్తకపోతే డ్యూటీ డాక్టరు తన సెల్ నుంచి చేశాడు. నా ఫోనుకి వాళ్ళిద్దరూ వేర్వేరు తెలియనివాళ్ళు. ఇద్దర్నీ నోరు మూయించింది. లేచి చూసుకుని ఆ 0877 నంబరుకి తిరిగి చేస్తే కాల్ రిసెప్షన్‌కి పోయింది. "ఏ వార్డు? ఎవరు చేశారు?" అంటారు. ఎవరు చేశారో నాకేం తెలుసు? చివరికి మెట్లెక్కి పోతే, అడిగింది ఒక ఇంజెక్షన్ తెచ్చివ్వమని మాత్రమే. ఆ రోజుకి బతికిపోయాం.

తెల్లారగానే పోయి ఈ ఫోనూ, కొత్త సిమ్మూ కొన్నాను. (జియో సిమ్ వేసుకోవాలనుకుంటే 4జీ కీప్యాడ్ ఫోనే తీసుకోండి. వాళ్ళకి 2జీ లేదు, పాత రకం ఫోన్లలో పనిచేయదు.) ఆ నంబరు ఇచ్చింది ముగ్గురికే: ఆసుపత్రికి, అమ్మకి, అక్కకి. అన్నకి ఇవ్వలేదు. వాడికిస్తే సాయంత్రానికి చుట్టాలందరి దగ్గరా ఉంటుంది.

ఇక చూడండి సుఖం. స్మార్ట్‌ఫోన్ ఎంత మోగినా గుండె అదరదు, అది పరామర్శ. కీప్యాడ్ మోగితే ఆసుపత్రి. ఆ మోత కూడా మామూలుది కాదు, కొండమీద తప్పిపోయినవాళ్ళ పేర్లు చదివే మైకులాగా ఉంటుంది. ఛార్జింగ్ మూడు రోజులకి తగ్గకుండా వచ్చేది. ఐసీయూ బయట హాల్లో ప్లగ్గులు రెండే, ఛార్జర్లు పది. అక్కడ జరిగే తగాదాలు చూసినవాళ్ళకి మూడు రోజుల బ్యాటరీ విలువ వేరే చెప్పక్కర్లేదు. సుమారు తొమ్మిది నెలలు ఒక్క కాల్ కూడా తప్పలేదు. నేను ముగ్గురి చేత కొనిపించింది అప్పుడే.

2024 మేలో నాయన మళ్ళీ ఐసీయూలో. అదే వారం గంగమ్మ జాతర. అమ్మ ఇంటి దగ్గర నుంచి ఒకటే గొడవ, "ఆసుపత్రిలో కూర్చుని నువ్వు చేసేదేముంది, గంటసేపు పోయి తల్లికి నిమ్మకాయల దండ వేసి రా" అని. నాకూ ఆ హాల్లోంచి బయటపడాలనే ఉంది, అబద్ధం చెప్పను. నాయన పక్క బెడ్డు పేషెంటు తాలూకు పీలేరు పెద్దమ్మ ఒకామె అక్కడే ఉండేది. "పిలిస్తే ఫోన్ చేయించు పెద్దమ్మా" అని చెప్పి గంగమ్మ గుడి ఉన్న తాతయ్యగుంటకి పోయాను.

సందులన్నీ జనం. ఆడవేషం కట్టిన మగవాళ్ళు, వేపమండలు, సప్పరాలు మోసేవాళ్ళు, చెవులు పగిలే తప్పెట్లు. అంత గోలలోనూ నాకు ధైర్యమే. ఫోన్ చొక్కా జేబులో, చెవికి జానెడు దూరంలో ఉంది. ఈ మోత వినపడకుండా పోదు. క్యూలో నిలబడ్డాను, ముందు నుంచీ వెనక నుంచీ ఒత్తేశారు, దండ వేయించాను, కుంకుమ తీసుకున్నాను. గంట అనుకున్నది గంటన్నర అయింది. ఫోన్ మోగలేదు. నాయనకి బాగానే ఉంది అనుకుంటూ నెమ్మదిగా నడుచుకుంటూ వచ్చాను. దారిలో చెరుకురసం కూడా తాగాను. ఆ చెరుకురసం ఇప్పటికీ గుర్తొస్తుంటుంది.

హాలు గుమ్మంలోనే పెద్దమ్మ ఎదురొచ్చింది. "యాడికి పోయినావు నాయనా, లోపల్నించి మూడుసార్లు పిలిచినారు. ఫోన్ కూడా చేసినారంట, నువ్వు ఎత్తలేదంట."

తీసి చూస్తే నాలుగు మిస్డ్ కాల్స్. తెరమీద పైన, కొట్టేసిన గంట బొమ్మ.

ఈ ఫోన్లో హ్యాష్ మీట కాసేపు నొక్కి పట్టుకుంటే సైలెంట్ అయిపోతుంది. అడగదు, చెప్పదు. కీప్యాడ్ దానంతటదే లాక్ అయ్యే సెట్టింగ్ (ఆటో కీగార్డ్) ఉంది గానీ, కొన్నప్పుడు అది ఆఫ్‌లో ఉంటుంది. నేను ఎప్పుడూ చూసుకోలేదు. గంగమ్మ గుడి దగ్గర ఎవరి మోచేయో, నా జేబులోని కుంకుమ పొట్లమో ఆ మీటని నొక్కి పెట్టింది. వైబ్రేషన్ ఉందనే చెప్పాలి, కానీ అంత తోపులాటలో దాని జలదరింపు ఏం తెలుస్తుంది?

లోపల జరిగిందేమంటే, నాయన చేతికున్న ఫిస్టులా, అంటే డయాలసిస్ సూదులు గుచ్చడానికి రక్తనాళాలు కలిపి చేసిన దారి, మూసుకుపోయింది. మెడ దగ్గర ట్యూబు వేసి డయాలసిస్ చెయ్యాలి, దానికి సంతకం కావాలి. నా కోసం నలభై నిమిషాలు చూసి, మరీ ఆలస్యమైతే వాళ్ళే మొదలుపెట్టేద్దామని సిద్ధం చేసుకుంటున్నారు. నేను వణుకుతున్న చేత్తో సంతకం పెట్టాను. నర్సమ్మ నా నుదుటి మీది కుంకుమ చూసి ఏమీ అనలేదు. తిట్టి ఉంటే బాగుండేది.

నాయనకి ఏమీ కాలేదు, పది రోజుల్లో ఇంటికొచ్చాడు. నేనే ఆ తర్వాత చాలాకాలం జేబులోంచి ఫోన్ తీసి గంట బొమ్మ ఉందా లేదా అని ఐదు నిమిషాలకోసారి చూసుకునేవాణ్ణి. ఇప్పుడు ఆటో కీగార్డ్ ఆన్‌లో ఉంది. ఫోన్ చొక్కా జేబులో పెట్టను. ఫారంలో నా నంబరు కింద అక్క నంబరు కూడా రాయించాను. నిజం చెప్పాలంటే ఆ రెండో నంబరు మొదటిరోజే రాయించాల్సింది, దానికి పధ్నాలుగు వందలు కూడా ఖర్చయ్యేవి కావు. అక్క చిత్తూరులో ఉంటుంది, రావడానికి రెండు గంటలైనా పడుతుంది, ఆమె నంబరుతో పనేముంది అనుకున్నాను. ఫోన్లోనైనా సమాధానం చెప్పే మనిషి ఒకరుంటే చాలునని అప్పుడు తోచలేదు.

పైన మూడు రోజుల బ్యాటరీ అన్నాను, ఇప్పుడు రెండు రోజులే. మోత మాత్రం అలాగే ఉంది. కాకపోతే అది మంచిదో కాదో నాకే తెలియడం లేదు. పక్కింట్లో ఎవరి ఫోనో అదే ట్యూన్‌తో మోగినా నాకు కడుపులో తిప్పుతుంది. మా ఆవిడ ట్యూన్ మార్చమంటుంది. మార్చితే నిద్రలో గుర్తుపట్టనేమోనని మార్చలేదు.

ఆసుపత్రికి దగ్గర్లోనే ఉండి, చుట్టాలు ఎక్కువై, రాత్రిళ్ళు కాస్త కన్ను మూయాలనుకునేవాళ్ళకి ఇది పనికొస్తుంది. నాకు పనికొచ్చింది. వేరే ఊరిలో ఉండి, రిపోర్టుల ఫోటోలు వాట్సాప్‌లో తెప్పించుకోవాల్సినవాళ్ళకి ఇదెందుకు? వాళ్ళు ఉన్న ఫోన్లోనే ఆ డు నాట్ డిస్టర్బ్ సంగతి సరిచేసుకుంటే సరిపోవచ్చు. కొనేవాళ్ళు ముందు ఆ హ్యాష్ మీట నొక్కి పట్టుకుని చూడండి. రీచార్జి గడువు దాటి కొన్ని రోజులైతే ఇన్‌కమింగ్ కూడా ఆగిపోతుంది, అదీ చూసుకోండి.

నంబరు ముగ్గురికే ఇచ్చాను అన్నాను కదా, నాలుగో ఆయన ఒకడున్నాడు. వాడకుండా వదిలేసిన నంబర్లని తొంభై రోజులు దాటాక వేరేవాళ్ళకి ఇవ్వొచ్చు. నాకు దొరికింది అలాంటిదే. పాత ఓనరు ఎక్కడో అప్పు ఎగ్గొట్టినట్టున్నాడు. ఇప్పటికీ అప్పుడప్పుడూ ఉదయం ఏడింటికల్లా మోగుతుంది. గుండె దడదడలాడుతుండగా పరిగెత్తి ఎత్తుతాను. "సార్, కిస్తీ ఎప్పుడు కడతారు?" అని అప్పు వసూలు చేసే ఆయన గద్దిస్తాడు. మొదట్లో తిట్టేవాణ్ణి. ఇప్పుడు ఆయన గొంతు వినపడగానే గోడకి ఆనుకుని కూర్చుని, ఆయన అరవడం అయిపోయేదాకా వింటాను.